చీటీకి వెనకవైపు

మదన్‌మోహన్ ఫోన్ చేసేటప్పటికి కోటేశ్వరరావు ఒక్కడికి సరిపడే అన్నం గిన్నె కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటున్నాడు.

“రావు సాబ్, ఆదివారం మీ పది నిమిషాలు పక్కా గదా? టాపిక్ ఏందో ఇంకా చెప్తలేరు. లిస్టుల మీ పేరు పక్కన ఖాళీ ఇడిసిన.”

“చెబుతానండీ.”

“మూడు నెలల సంది చెప్తనే ఉన్నరు. సరే, ఏం లేకున్నా ఫికర్ వద్దు. ఆ నవ్వుల ఫైలు పట్కరాండ్రి. బెండకాయ పులుసు చీటీ ఇంకోపారి సదివితే సాలు, అందరు కుష్.”

ఆ మాట అంటూనే మదన్‌మోహన్ నవ్వడం మొదలుపెట్టాడు. గొంతులో కళ్లె అడ్డం పడిన నవ్వు. కోటేశ్వరరావు ఫోన్‌ను చెవికి కాస్త దూరంగా పట్టుకుని, నవ్వు అయిపోయేదాకా ఆగి, “అలాగేనండీ” అని పెట్టేశాడు.

రెండో ఆదివారం అంటే జహీరాబాద్‌లో ఇంజనీర్ల సభ. రిటైరైన ఇంజనీర్లు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు, ఇంకా ఉద్యోగాల్లో ఉన్న ఫ్యాక్టరీవాళ్లు కొందరు, అంతా కలిపి పాతికమంది, బస్టాండుకెదురు హోటల్ మేడమీద పదింటికి చేరతారు. ముందు మిర్చి బజ్జీ, ఆపైన ఎవరో ఒకరి ప్రసంగం, చివర చాయ్. ప్రసంగం సాగుతుంటే ఎవరు ముందు చురక అంటిద్దామా అని మిగతావాళ్లు కాచుకుని కూర్చుంటారు. పోయిన వర్షాకాలంలో పాలిటెక్నిక్‌లో చదువు చెప్పే ఒకమ్మాయి సౌరవిద్యుత్తు నిల్వ గురించి శ్రద్ధగా రాసుకొచ్చింది. “మేడమ్, మబ్బు పడితే ఆ దినం ఉపాసమా?” అన్నారెవరో. ఆమె మళ్లీ మెట్లెక్కలేదు. కిందటి నెల ఒకాయన వచ్చి, కుళాయి గొట్టానికి అయస్కాంతం కట్టుకుంటే నీళ్లు తేలికపడి కీళ్లనొప్పులు పోతాయన్నాడు. పాతికమంది ఇంజనీర్లలో ఒక్కరు నోరు మెదపలేదు. శాలువా కప్పారు. నలుగురు అక్కడికక్కడే అయస్కాంతాలు కొనుక్కున్నారు. ఆ శాలువాకు ఒక కొస పట్టుకున్నది కోటేశ్వరరావే. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. అయినా ఆ సాయంత్రం అన్నం ముద్ద నోటిదాకా రాలేదు.

అలాంటివాళ్ల ముందు విప్పాలి తన నాలుగు పేజీలు.

అందులో ఉన్నది ఫ్యూజన్ సంగతి. సూర్యుడిలో మండే మంటను భూమ్మీద ఒక పాత్రలో మండించి కరెంటు తీయాలని దేశదేశాల్లో చూస్తున్నారు. కోట్ల డిగ్రీల వేడి. అది గోడలకు తగలకుండా అయస్కాంతాలతో నడిమధ్యలో పట్టి ఉంచుతారు. అయినా గోడ కొద్దికొద్దిగా అరిగి, ఆ లోహపు రేణువులు మంటలో పడతాయి. పడితే మంట చల్లారుతుంది. అందుకని ఇంకా గట్టి లోహం, ఇంకా గట్టి లోహం అని వెతుకుతుంటారు. టీవీలో ఆ కార్యక్రమం చూస్తుంటే కోటేశ్వరరావుకు తను ముప్పై ఏళ్లు పనిచేసిన ఫ్యాక్టరీలోని పెయింట్ షాపు, అంటే రంగులేసే విభాగం, గుర్తొచ్చింది. మోటారు పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. ఇప్పుడు మూతపడింది. అక్కడ పంపు మీద రంగు చిమ్మేటప్పుడు వెనక గోడ మీదుగా నీళ్లు తెరలా జారుతూ ఉండేవి. ఎగిరిన రంగు గోడకు అంటేది కాదు, నీళ్లతోపాటు కింద గుంటలోకి పోయేది. గోడను గట్టిగా చేయడమెందుకు, గోడనే పారనిస్తే పోలేదా అనుకున్నాడాయన. కరిగిన లిథియం లోహాన్ని గోడ మీదుగా తెరలా జారనివ్వాలి.

రెండు నెలలు చదివాక ఆ మాట తనకంటే ముందు చాలామంది అన్నారని తెలిసింది. తెలిసినందుకు సిగ్గుపడలేదు, ఒంటరిగా లేనని ధైర్యం వచ్చింది. ఆయన సొంతమనుకున్నది మూడో పేజీలో ఉంది. పారే లిథియం కూడా మురికి పడుతుంది కదా, దాన్ని ఆపకుండా శుభ్రం చేయడం ఎలా? మరో లోహాన్ని చిటికెడు కలిపితే, అది ఆ రేణువులన్నిటినీ ఒకచోట పోగుచేస్తుంది, తెట్టు తీసినట్టు తీసేయొచ్చు. ఏ లోహమో కూడా రాసుకున్నాడు. లెక్కలు సగమే తేలాయి. తప్పు కావచ్చు. తప్పయితే ఎక్కడ తప్పో ఎవరో ఒకరు చెబితే చాలని ఉంది. ఆ అయస్కాంతం మనిషి పక్కన తననూ కూర్చోబెడతారేమోనని భయంగానూ ఉంది. అరవై నాలుగేళ్లొచ్చాయి, భార్య సీతామహాలక్ష్మి పోయి నాలుగేళ్లయింది. ఈ నాలుగు పేజీలు తప్ప కొత్తగా ఆయన ఇంట్లోకి వచ్చినదేదీ లేదు.

మదన్‌మోహన్ అడిగాడు కదా అని గురువారం ఇనప్పెట్టెలోంచి నవ్వుల ఫైలు తీశాడు.

ఫ్యాక్టరీలో కార్మికుల సలహాల కమిటీ ఉండేది. మదన్‌మోహన్ అధ్యక్షుడు, కోటేశ్వరరావు కార్యదర్శి. పనికొచ్చే చీటీలు పైకి వెళ్లేవి. పనికిరానివి చింపేయకుండా, వాటిల్లో నవ్వొచ్చేవి ఏరి, తెల్లకాగితాల మీద జిగురుతో అతికించి ఫైలు చేసేవారు. ఏటా వార్షికోత్సవం నాడు భోజనాలకు ముందు వాటిని చదవడం ఆనవాయితీ. చదివేది కోటేశ్వరరావు. ఆయనకు మంచి గొంతు ఉండేది. రాసినవాళ్ల పేర్లు మాత్రం చదివేవాళ్లు కాదు. అది తమ మర్యాద అనుకునేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మదన్‌మోహన్ ఈ సభలోనూ వాటిని చదివించాడు.

పన్నెండో కాగితం మీద ఉంది బెండకాయ చీటీ. ఇరవై ఆరేళ్ల కిందటిది.

‘కమిటీ వారికి నమస్కారములు. పెయింట్ షాపు గుంటల మడ్డి నీళ్లల్ల కలిసిపోయి తీయరాకుండ ఉన్నది. మా ఊర్ల బెల్లం వండేటప్పుడు చెరుకురసంల బెండచెట్ల రసం పోస్తరు. మురికంత ఒక్కతాన పోగై తెట్టు లెక్క వస్తది, తీసేస్తరు. మన గుంటల గూడ అట్ల చేసి చూడగలరు. గురులింగప్ప, పెయింట్ షాపు.’

దీన్ని ఆ రోజు కోటేశ్వరరావు రేడియోలో వంటలు చెప్పే గొంతుతో చదివాడు. చివర తన సొంత ముక్క కలిపాడు: “కమిటీ నిర్ణయం ఏమనగా, ఇంగువ పోపు కూడా వేసి క్యాంటీనుకు పంపవలెను.” హాలు హాలంతా పగలబడింది. ఇంటికి వెళ్లే దారిలో సీతామహాలక్ష్మి ఒక్కమాటే అంది, “రాసినతను కూడా అక్కడే ఉండుంటాడు కదండీ.” ఆయన పట్టించుకోలేదు.

ఇప్పుడు చీటీ చదివి, మూడో పేజీ తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. ఒకచోట పోగుచేయడం. తెట్టు తీసినట్టు తీసేయడం. భీమవరం దగ్గర చేపల చెరువుల మధ్య పుట్టినవాడు, బెల్లం వండటం జీవితంలో ఒక్కసారైనా చూడనివాడు, తను తెట్టు అనే మాట ఎక్కణ్ణించి తెచ్చాడు? తన తలలో పుట్టిందని మూడు నెలలుగా మురిసిపోయిన ఆలోచన ఇక్కడ, తన చేత్తోనే జిగురు రాసి అతికించిన కాగితం మీద ఉంది.

ఆ గుంట వాసన ముక్కులోకి వచ్చినట్టయింది. రంగు, కుళ్లిన నీళ్లు, థిన్నరు కలిసిన వాసన. ఎనిమిదడుగుల లోతు. నెలకోసారి లైను ఆపి, మనుషులు దిగి, నల్లటి జిగట మడ్డిని బకెట్లతో తోడేవాళ్లు. కోటేశ్వరరావు పైన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పర్యవేక్షించేవాడు. ఆ రోజుల్లో సీతామహాలక్ష్మి ఆయన బట్టలు విడి బకెట్లో నానబెట్టేది. వాసన గురించి ఏనాడూ ఎత్తలేదు. ఆ చీటీ చదివిన ఆరేళ్లకు బయటి కంపెనీవాడెవడో ఒక డ్రమ్ము మందు తెచ్చి అమ్మాడు. పోస్తే మడ్డి పోగై పైకొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఆరేళ్లూ మనుషులు దిగుతూనే ఉన్నారు.

ఆయన లేచి పెరట్లోకి వెళ్లి, ఏమీ రాకపోయినా ఉమ్మి, నోరు పుక్కిలించాడు.

శనివారం పొద్దున గురులింగప్ప ఉండే న్యాల్‌కల్‌కు వెళ్లే షేర్ ఆటో ఎక్కాడు. మోకాలు సహకరించక ఎక్కడానికి ఆలస్యమైతే డ్రైవరు హారన్ కొట్టలేదు, ముందు సీటులోంచి చెయ్యి అందించాడు. ఆ మాత్రం దయకే కోటేశ్వరరావు అతనికి రెండుసార్లు థాంక్స్ చెప్పాడు. ఆ వారం ఆయన పరిస్థితి అలా ఉంది.

ఊరి బయట, కందిచేలు దాటాక, పొగ వస్తున్న పాకలో బెల్లం వండే పెద్ద పెనం దగ్గర నిలబడి ఉన్నాడు గురులింగప్ప. జుట్టు తెల్లబడింది. ఎర్రమట్టి పాదాలు.

“సారూ! కోటేశ్వర్రావ్ సారే గద! రాండ్రి, రాండ్రి. తారా, సార్‌కు కుర్సీ ఏయ్.”

ఆయన భార్య తారాబాయి కుర్చీ తెచ్చి వేస్తూ మనిషిని ఎగాదిగా చూసింది. “ఈయననా బెండకాయ సారు?”

“ఏయ్, ఊకో.”

“ఊకునుడేంది? ఇంట్ల గట్లనే అంటం గద.”

కోటేశ్వరరావు కూర్చోలేదు. “ఆ రోజు నువ్వు హాల్లోనే ఉన్నావా గురులింగప్పా?”

“ఎట్ల లేను సార్? మూడో లైన్ల కూసున్న.”

“మరి...”

“నేను గూడ నవ్విన సార్. అందరికన్న జోరుగ నవ్విన.” పెనం అంచున గరిటె తట్టాడు. “నవ్వకుంటే నాదే అని దొరికిపోత గద.”

పొగ కళ్లల్లోకి వచ్చింది. కోటేశ్వరరావు దాన్నే కారణం చేసుకుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. సూర్యుడి మంట, అరిగే గోడ, పారే లిథియం, పోగుచేసే లోహం. అన్నీ గురులింగప్పకు అర్థమయ్యే మాటల్లో చెప్పడానికి పావుగంట పట్టింది. సభ కోసం రాసుకున్న మాటలకంటే అవే బాగున్నాయని చెబుతున్నప్పుడే తోచింది.

గురులింగప్ప విని, పెనంలో ఒకసారి గరిటె తిప్పాడు. “మడ్డి ఏడ తీస్తున్నరు సార్?”

“వేడిగా పారుతున్న చోటే. అక్కడైతే పల్చగా ఉంటుందని.”

“రాదు.”

“ఎందుకని?”

“తెర్లి పొంగుతున్నప్పుడు బెండరసం పోస్తే ఏం ఫాయిదా లేదు. మురికి మల్ల లోపట్కే తిరుగుతది, ఇగ ఎన్నటికి రాదు. పొంగుకు ముందుగాల పొయ్యాలె. మంట తగ్గియ్యాలె, రసం నిలవడాలె. గప్పుడు మురికి దానంతటదే జమైతది.” చెప్పి, ఎదుటివాడు నొచ్చుకున్నాడేమోనని అన్నట్టు, “నాకు తెలిసింది బెల్లమే సార్” అన్నాడు.

కోటేశ్వరరావు జేబులోంచి మూడో పేజీ తీసి, వేడి కాలువ దగ్గర గీసిన బొమ్మను కొట్టేసి, చల్లబడే చోట కొత్తగా గీశాడు. మూడు నెలల్లో తనను నిజంగా పరీక్షించిన మొదటి మనిషి ఈయనే.

“రేపు సభలో ఇది నీ ఆలోచన అని చెబుతాను.”

“చెప్పుండ్రి. కాని మొత్తం సదవుండ్రి సార్. ఆ దినం సగమే సదివిన్రు.”

“సగమా?”

“ఎనక గూడ రాసి ఉంటి. అసలు ముచ్చట ఎనకనే ఉండె.”

తారాబాయి మోదుగాకులో వేడి బెల్లం పాకం పోసి తెచ్చిచ్చింది. తీసుకున్నాడు గానీ మింగుడు పడలేదు. ఆమె అది చూసి, ఆకు అలాగే మడిచి చేతిలో పెట్టింది. “ఇంటికాడ తినుండ్రి.”

ఆదివారం పొద్దున ఒక గుడ్డ గోరువెచ్చని నీళ్లలో తడిపి చీటీ మీద పరిచాడు. పాత జిగురు మెల్లగా మెత్తబడింది. చీటీ చిరగకుండా లేచింది. వెనకవైపు నీలం సిరా కాస్త అలుక్కుంది గానీ చదవొచ్చు.

‘ఇట్ల చేస్తే మనిషి గుంటల దిగే పని తప్పుతది. పోయిన ఆదివారం సార్లు లేనప్పుడు మాణిక్ లోపట కండ్లు తిరిగి పడ్డడు. నేను దిగి తీసిన. అప్పటిసంది అతనికి వాసన తెలుస్తలేదు. కూర మాడినా తెలుస్తలేదంటున్నడు. నేను రాసింది తప్పయితే ఏం తప్పో చెప్పగలరు. మళ్ల రాస్త.’

రెండు, మూడుసార్లు చదివాడు. తప్పయితే ఏం తప్పో చెప్పమని తనూ కోరుకుంటున్నాడు. ఇతను కోరితే తను పోపు పెట్టాడు.

హోటల్ మేడమీద బజ్జీల నూనె వాసన నిండిపోయి ఉంది. మదన్‌మోహన్ ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి జిడ్డుగా ఉంది.

“రావు సాబ్, ఫైలు తెచ్చిన్రా? శభాష్! ముందుగాల గదే. ఏయ్, అందరు ఇటు సూడుండ్రి, బెండకాయ పులుసు!”

చదవకముందే నవ్వులు మొదలయ్యాయి. కోటేశ్వరరావు లేచి నిలబడి, గొంతు మార్చకుండా, ఉత్తరం చదివినట్టు ముందువైపు చదివాడు. “గురులింగప్ప, పెయింట్ షాపు” అని పేరుతో సహా చదివాడు. అయినా నవ్వాల్సినచోట నవ్వారు. ఒకాయనైతే, “ఇంగువ మర్చిపోయిన్రు సార్!” అని అందించాడు. ఇన్నేళ్ల కిందట తను వాళ్లకు నేర్పిన పాఠం ఎవరూ ఒక్క ముక్క మరవలేదు.

అప్పుడు చీటీ తిప్పి వెనకవైపు చదివాడు.

మాణిక్ పడిపోయిన దగ్గర ఇంకా ఎవరో నవ్వుతున్నారు. వాసన తెలియడం లేదన్న దగ్గర కొందరు బజ్జీ నమలడం ఆపారు. మదన్‌మోహన్ మొహం చిట్లించాడు. “ఛీ, తినేటప్పుడు గుంట ముచ్చటేంది రావు సాబ్?”

“అవునండీ. ఛీ అనవలసిందే. ఆ చీటీ కమిటీలో మనిద్దరం ఉన్నాం. వెనక్కి తిప్పి చూడలేదు. తర్వాత ఆరేళ్లు మనుషుల్ని దింపాం.”

“ఇప్పుడు గదంత...”

“ఇప్పుడు నా పది నిమిషాలు. లిస్టులో ఖాళీగా ఉంచారుగా, రాసుకోండి. ఫ్యూజన్ పాత్రలో మురికి తీసే పద్ధతి. ఆలోచన గురులింగప్పది. దాన్ని లిథియంలోకి తీసుకెళ్లింది నేను. తప్పులుంటే చెప్పండి.”

“అంటే ఇగ సూర్యున్ల గూడ పులుసేనా?” వెనక వరస నుంచి వచ్చింది. మేడ దద్దరిల్లింది.

మూడు నెలలుగా ఆయన భయపడిన నవ్వు ఇదే. వచ్చింది. కళ్ల ముందు ఎర్రటి కారం అంటిన పెదాలు, పళ్ల సందుల్లో మిరపతొక్కులు, ఊగుతున్న పొట్టలు. ఈ నోళ్ల మెప్పు కోసమా తను ఇన్నాళ్లు నిద్ర చెడగొట్టుకున్నది? ఆ నోళ్లలో ఒకటి తనది కూడా అని గుర్తొచ్చాక మాత్రం కూర్చోవాలనిపించలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, నిన్న బెల్లం పాకలో చెప్పిన మాటలతోనే మొదలుపెట్టాడు. ఆరుగురు చేతులు కడుక్కునే నెపంతో లేచిపోయారు. ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు. ఆయన ఆపలేదు. పది నిమిషాలకు ఒక నిమిషం ముందే ముగించాడు.

“సవాల్ ఏమన్నా ఉన్నయా? లేకుంటే చాయ్” అన్నాడు మదన్‌మోహన్.

కిటికీ దగ్గర నుంచి హరికృష్ణ చెయ్యెత్తాడు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. సభలో ఎప్పుడూ మాట్లాడడు, నవ్వినవాళ్లలోనూ లేడు. “సార్, ఒక్కటి. లిథియం నీళ్లకన్న తేలిక. గోడ నుంచి వచ్చేది టంగ్‌స్టన్, సీసం కన్న బరువు. మీ మురికి తేలదు, మునుగుతది. తెట్టు తీసినట్టు ఎట్ల తీస్తరు?”

కోటేశ్వరరావు మూడో పేజీ మళ్లీ చూసుకున్నాడు. నిజమే. చెరుకురసం, నీళ్లు అనుకుంటూ పోయి ఈ సంగతే మరిచాడు. మొహం వేడెక్కింది. కానీ ఆ వేడిలో అవమానం లేదు. ఒక మనిషి తన మాట చివరిదాకా విని, అందులో పగులు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు.

“తెలియదండీ. మా గుంటలో కూడా సగం మడ్డి అడుక్కి పోయేది. దానికోసమే మనుషులు దిగాల్సి వచ్చేది.”

“మరి అడుగుది ఎట్ల తీయాలో ఆ దిగినాయనకు తెలుస్తదేమో? ఫోన్ నంబర్ ఉందా సార్?”

కోటేశ్వరరావు హరికృష్ణ ప్రశ్నను మూడో పేజీ అడుగున రాసుకుని, దాని కింద నిన్న తీసుకున్న గురులింగప్ప నంబరు రాసి, నంబరున్న ముక్క మాత్రం చింపి ఇచ్చాడు.

చాయ్ తాగకుండా మెట్లు దిగబోతుంటే మదన్‌మోహన్ వెనకనుంచి కేకేశాడు. “రావు సాబ్, గుస్సా అయితే అయిన్రు గని, ఫైలు ఇడిసిపోండ్రి. పైనెల నేను సదువుత.”

“ఇవ్వనండీ.”

“గదేంది? అది అందరి చీజ్ గద!”

“అందరిదీ కాదు. రాసినవాళ్లది.”

ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. మోదుగాకు విప్పితే పాకం గట్టిపడి ఉంది. చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు. ఈసారి దిగింది.

వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఫైలు విప్పి లెక్కపెట్టాడు. ఇంకా నలభై ఒక్క చీటీలున్నాయి, అన్నీ తన చేత్తో, జిగురు దండిగా రాసి అతికించినవే. మొదటి కాగితం నీళ్లలో వేశాడు. చీటీ దానంతటదే వదిలింది. వెనక ఏమీ లేదు. రెండోదాని వెనకా ఏమీ లేదు.

మూడోదాని వెనక రాత ఉంది. కళ్లద్దాలు సరిచేసుకుని, దాన్ని గుడ్డ మీద ఆరేసి, చదవడం మొదలుపెట్టాడు.